'గెట్' అన్న ఒక్క మాటకు ఇన్ని అర్థాలు: పిల్లలకు ఏ పద్ధతిలో చెప్పాలి?

గోదారిగట్టు:

తెలుగు మీడియంలో చదివి డిగ్రీలో చేరిన పిల్లలకు సాయంత్రాలు స్పోకెన్ ఇంగ్లీషు చెబుతున్నాను. మిగతా వెర్బులన్నీ ఎలాగో నడిచిపోతున్నాయి, 'గెట్' దగ్గర మాత్రం అందరూ ఆగిపోతున్నారు. నిఘంటువులో పొందు, తెచ్చు, చేరు, అగు, గ్రహించు అని వరసగా ఉంటాయి. ఏది ఎక్కడ వాడాలో మాత్రం ఉండదు.

ఈ వాక్యాలు చూడండి. "ఐ గాట్ ఎ లెటర్." "ఇటీజ్ గెటింగ్ డార్క్." "వి గాట్ హోమ్ లేట్." "హి గాట్ ఫైర్డ్." "ఐ గాట్ మై హెయిర్ కట్." "ఐ గాట్ టు సీ ద మినిస్టర్." "ఐ హావ్ గాట్ టు సీ ద మినిస్టర్." ఏడింటిలోనూ ఉన్నది ఒకే వెర్బు, తెలుగు చేస్తే ఏడు రకాలు. చివరి రెండింటికీ తేడా చెప్పమంటే పిల్లలు తెల్లమొహం వేస్తున్నారు.

వాళ్లు రోజూ చేసే తప్పులు ఇవి: "ఐ యామ్ గెటింగ్ స్లీప్", "ఐ వాజ్ గాట్ సెలెక్టెడ్", "షి గాట్ మ్యారీడ్ విత్ ఎ డాక్టర్", "ఐ కట్ మై హెయిర్ యెస్టర్‌డే". తప్పు అని దిద్దడం తేలికే. ఎందుకు తప్పో పట్టుకొమ్మగా ఒక సూత్రం ఇవ్వాలి. అర్థాలన్నీ బట్టీ పట్టించడం కాకుండా వేరే దారి ఉంటే చెప్పండి.

నాలుగురోడ్లసెంటర్:

గోదారిగట్టు గారూ, అర్థాల పట్టికను పక్కన పెట్టేయండి. 'గెట్'కు సొంత బరువు చాలా తక్కువ. దాని వెనకాల వచ్చే మాటే అర్థం తేలుస్తుంది. పిల్లలకు "గెట్ అంటే ఏమిటి?" అన్న ప్రశ్న మాన్పించి, "గెట్ తర్వాత ఏముంది?" అన్న ప్రశ్న అలవాటు చేయండి. మీరిచ్చిన ఏడు వాక్యాలూ దీంతోనే విడిపోతాయి.

తర్వాత నౌన్ ఉంటే, అది చేతికి వచ్చిందని అర్థం. లెటర్ వచ్చింది, ఉద్యోగం దొరికింది, జలుబు చేసింది, ఫస్ట్ ర్యాంకు కొట్టాడు, అన్నిటికీ గెట్ సరిపోతుంది. తనంతట తాను వచ్చిందా, కొన్నామా, వెళ్లి తెచ్చామా అన్నది గెట్ చెప్పదు. "వేర్ డిడ్ యు గెట్ దట్ శారీ?" అని అడిగితే కొన్న చీరకూ సరే, ఎవరో పెట్టిన చీరకూ సరే. రెండు నౌన్లు వస్తే తెచ్చిపెట్టడం: "గెట్ మి ఎ గ్లాస్ ఆఫ్ వాటర్." దీన్ని తిప్పి చెప్పేటప్పుడు "గెట్ ఎ గ్లాస్ ఆఫ్ వాటర్ ఫర్ మి" అనాలి, "టు మి" కాదు. 'గివ్'కు టు వస్తుంది, 'గెట్'కు ఫర్ వస్తుంది. ఇవ్వడంలో ఎవరికి అన్నది ముఖ్యం, తేవడంలో ఎవరి కోసం అన్నది ముఖ్యం.

తర్వాత యాడ్జెక్టివ్ ఉంటే, మార్పు జరిగిందని అర్థం. ఇక్కడ 'బీ'తో జత కట్టి చెప్పండి. "ఐ వాజ్ వెట్" అంటే తడిసి ఉన్నాను, "ఐ గాట్ వెట్" అంటే తడిశాను. "షి ఈజ్ మ్యారీడ్" అంటే పెళ్లయిన మనిషి, "షి గాట్ మ్యారీడ్ ఇన్ మే" అంటే మేలో పెళ్లి జరిగింది. తెలుగులో మార్పును ఒక్కోచోట ఒక్కో క్రియతో చెబుతాం: చీకటి పడింది, కోపం వచ్చింది, ఆలస్యమైంది, చల్లారింది. ఇంగ్లీషులో వీటన్నిటికీ గెట్ ఒక్కటే వాడొచ్చు.

ఇక్కడ రెండు జాగ్రత్తలు. మొదటిది, నౌన్‌తో గెట్ ఎప్పుడూ 'అవ్వడం' కాదు. "హి గాట్ ఎ డాక్టర్" అంటే డాక్టరును పిలుచుకొచ్చాడు. డాక్టరయ్యాడు అనాలంటే "హి బికేమ్ ఎ డాక్టర్" అనే అనాలి. రెండోది, అన్ని యాడ్జెక్టివ్‌లకూ గెట్ పొసగదు. పాడవడం, పోగొట్టుకోవడం వైపు జరిగే మార్పులకు తరచుగా 'గో' వస్తుంది: పాలు విరిగితే "ద మిల్క్ వెంట్ సౌర్", బట్టతల వస్తే "హి వెంట్ బాల్డ్", చూపు పోతే "వెంట్ బ్లైండ్". రంగు మారినా, ఏళ్లు నిండినా 'టర్న్': "ద లీవ్స్ టర్న్డ్ యెల్లో", "షి టర్న్డ్ సిక్స్‌టీ".

తర్వాత చోటు పేరు ఉంటే, చేరడం. "వి గాట్ టు విజయవాడ ఎట్ సిక్స్." హోమ్, హియర్, దేర్ ముందు మాత్రం టు ఉండదు, 'ఇంటికి' అన్నప్పటి 'కి' వాటి లోపలే ఉంది. "గెట్ టు హోమ్" అనడం తప్పు. దీన్ని 'రీచ్'తో కలపకండి, రీచ్‌కు ఊరి పేరు ముందు కూడా టు రాదు.

తర్వాత టు, దాని పక్కన వెర్బ్ ఉంటే, వీలు దొరకడం. "ఐ గాట్ టు సీ ద మినిస్టర్" అంటే మంత్రిగారిని చూసే అవకాశం దొరికింది. "ఐ హావ్ గాట్ టు సీ ద మినిస్టర్" అంటే చూసి తీరాలి. తేడా అంతా ఆ 'హావ్'లోనే ఉంది. పిల్లలకు ప్రశ్న రూపంతో పరీక్ష పెట్టండి: మొదటిది "డిడ్ యు గెట్ టు సీ హిమ్?" అవుతుంది, రెండోది "హావ్ యు గాట్ టు సీ హిమ్?" అవుతుంది. 'చూడాల్సి వచ్చింది' అని గతంలో చెప్పాలంటే గాట్ పనికిరాదు, "ఐ హ్యాడ్ టు సీ హిమ్" అనాలి. చిక్కేమిటంటే మాటల వేగంలో ఆ హావ్ నలిగి 'వ్' అవుతుంది, ఒక్కోసారి అదీ వినబడదు, "ఐ గాటా గో" అని చెవిన పడుతుంది. సినిమాల్లో విని "ఐ గాట్ టు గో" అని రాసేది అందుకే. రాతలో హావ్ ఉండాల్సిందే.

ఐఎన్‌జీ రూపంతో వచ్చేవి కొద్దిగానే ఉన్నాయి, గెట్ గోయింగ్, గెట్ మూవింగ్, గెట్ టాకింగ్ లాంటివి. పని మొదలవడమని చెప్పి వదిలేయండి. ఇక వీ3 (వెర్బు మూడో రూపం, పాస్ట్ పార్టిసిపుల్) వచ్చే వాక్యాలు, అంటే మీ ఫైర్డ్, హెయిర్ కట్ వాక్యాలు, విడిగా ఒక క్లాసు తీసుకునేంత సరుకు.

మల్లెచెట్టు:

పైన చెప్పింది ఇంగ్లీషు వైపు నుంచి. తప్పులు పుట్టేది తెలుగు వైపు నుంచి కాబట్టి అదీ చూడాలి.

మన భాషలో చాలా అనుభవాలకు మనిషి కర్త కాడు. నాకు ఉత్తరం వచ్చింది, నాకు ఆకలేసింది, నాకు దెబ్బ తగిలింది, నాకు జలుబు చేసింది, నాకు నిద్ర వస్తోంది. వచ్చేదీ వేసేదీ తగిలేదీ ఆ ఉత్తరం, ఆ ఆకలి, ఆ దెబ్బే. మనిషి 'కు'తో పక్కన నిలబడతాడు. ఇంగ్లీషులో మనిషినే ముందు కూర్చోబెట్టి గెట్ తగిలిస్తారు: "ఐ గాట్ ఎ లెటర్", "ఐ గాట్ హంగ్రీ", "ఐ గాట్ హర్ట్", "ఐ గాట్ ఎ కోల్డ్". కాబట్టి 'నాకు' అన్నది 'ఐ' అవుతుందని పిల్లలు తొందరగానే పట్టేస్తారు. తప్పు జరిగేది ఆ తర్వాతి అడుగులో. తెలుగులో నిద్ర, కోపం, భయం, విసుగు అన్నీ నామవాచకాలు. వాటిని అలాగే నౌన్లుగా దింపేసి "ఐ యామ్ గెటింగ్ స్లీప్", "ఐ గాట్ యాంగర్", "ఐ గాట్ ఫియర్" అంటారు. మనసులో, ఒంట్లో కలిగే స్థితికి ఇంగ్లీషు యాడ్జెక్టివ్ అడుగుతుంది: గెటింగ్ స్లీపీ, గాట్ యాంగ్రీ, గాట్ స్కేర్డ్, గాట్ బోర్డ్.

జబ్బుల దగ్గర మళ్లీ నౌనే వస్తుంది, కానీ ముందు 'ఎ' ఉండాలి: "గెటింగ్ ఎ హెడేక్", "గాట్ ఎ ఫీవర్". మలేరియా, డెంగీ లాంటి జబ్బు పేర్లకు ఆ 'ఎ' రాదు. "ఐ గాట్ సమ్ స్లీప్" అన్న వాక్యం సరైనదే, అయితే దాని అర్థం నిద్ర వచ్చిందని కాదు, కాసేపు పడుకోగలిగానని. ఈ తేడా చెప్పకపోతే ఎవరో ఒకరు పుస్తకంలో ఆ వాక్యం చూపించి మిమ్మల్నే నిలదీస్తారు.

"మ్యారీడ్ విత్" కూడా ఇలా పుట్టిందే. 'డాక్టరుతో పెళ్లయింది' అన్నప్పటి 'తో'ను 'విత్'గా మార్చేస్తారు. ఇంగ్లీషులో "గాట్ మ్యారీడ్ టు ఎ డాక్టర్" అనాలి. గెట్ లేకుండా "మ్యారీడ్ ఎ డాక్టర్" అంటే ఏ ప్రిపొజిషనూ అక్కర్లేదు. రెండూ పక్కపక్కన బోర్డు మీద రాయండి.

క్లాసులో చేయించాల్సిన పని: 'నాకు'తో మొదలయ్యే తెలుగు వాక్యాలు ఇరవై ఇవ్వండి, ఇంగ్లీషు చేయించకుండా ముందు రెండు గుంపులుగా విడదీయమనండి. చేతికి వచ్చేవి ఒక గుంపు, ఒంట్లోనో మనసులోనో కలిగేవి ఇంకో గుంపు. జబ్బులు మొదటి గుంపులో పడతాయని ముందే చెప్పాలి. ఆ విభజన కుదిరాకే గెట్ వాడించండి.

గోదారిగట్టు:

'నాకు' సంగతి ఇన్నాళ్లూ తట్టలేదు, రేపే మొదలుపెడతాను. వీ3 వాక్యాల గురించి ఎవరైనా విడమరిచి చెబుతారా? ఇంకోటి, "గెట్ డౌన్" అనకూడదని ఒక పుస్తకంలో రాశారు. బస్సు దిగేటప్పుడు మనమంతా అనేది అదే కదా?

రైలుబండి:

వీ3 సంగతి నేను చెబుతాను. గెట్‌కూ వీ3కీ మధ్యలో ఏమైనా ఉందా లేదా అన్నదే ఇక్కడ చూడాలి.

మధ్యలో ఏమీ లేకపోతే ప్యాసివ్. "హి గాట్ ఫైర్డ్", ఉద్యోగంలోంచి తీసేశారు. ఇక్కడ గెట్ చేసే పని 'బీ' చేసే పనే. అందుకే రెండూ ఒకేచోట ఉండకూడదు, "ఐ వాజ్ గాట్ సెలెక్టెడ్" తప్పయింది దానివల్లే. "ఐ వాజ్ సెలెక్టెడ్" అనండి, లేదా "ఐ గాట్ సెలెక్టెడ్" అనండి. ప్రశ్నలో, వ్యతిరేకార్థంలో మాత్రం గెట్ మామూలు వెర్బులాగే డిడ్ అడుగుతుంది: "డిడ్ హి గెట్ సెలెక్టెడ్?", "హి డిడ్‌న్ట్ గెట్ సెలెక్టెడ్." డిడ్ వచ్చాక మళ్లీ గాట్ అనడం మన పిల్లల్లో బాగా పాతుకుపోయిన తప్పు, ప్రత్యేకంగా దిద్దాలి.

అన్ని ప్యాసివ్‌లనూ గెట్‌తో మార్చేయకూడదు. మనిషికి ఏదో జరిగింది, దాని ఫలితం అతని మీద పడింది అనిపించే చోట గెట్ బాగుంటుంది: గాట్ హర్ట్, గాట్ కాట్, గాట్ రాబ్డ్, గాట్ ప్రమోటెడ్. చరిత్ర పాఠంలో "ద చార్మినార్ గాట్ బిల్ట్ ఇన్ 1591" అంటే ఎబ్బెట్టుగా ఉంటుంది, "వాజ్ బిల్ట్" అనాలి. తెలియడం, నమ్మడం లాంటి సంఘటన కాని వెర్బులతో కూడా కుదరదు.

మధ్యలో ఆబ్జెక్ట్ ఉంటే, చాలావరకు మన 'ఇంచు' ప్రత్యయమే. తెలుగు పిల్లలకు ఇది ఇతరులకంటే తేలికగా ఎక్కాలి, ఎందుకంటే చేయడానికీ చేయించడానికీ మన భాషలో స్పష్టమైన తేడా ఉంది. బ్లౌజు కుట్టించుకుంది: "షి గాట్ ఎ బ్లౌజ్ స్టిచ్డ్." బండి సర్వీసింగ్ చేయించాను: "ఐ గాట్ మై బైక్ సర్వీస్డ్." పన్ను పీకించుకున్నాడు: "హి గాట్ ఎ టూత్ పుల్డ్ అవుట్." ఆధార్‌లో అడ్రస్ మార్పించాను: "ఐ గాట్ మై అడ్రస్ చేంజ్డ్." మాటల వరస తప్పితే వాక్యం చెడుతుంది, "ఐ గాట్ స్టిచ్డ్ ఎ బ్లౌజ్" కుదరదు. ఇక "ఐ కట్ మై హెయిర్" అంటే కత్తెర పట్టుకుని నా జుట్టు నేనే కత్తిరించుకున్నానని. తెలుగులో 'జుట్టు కత్తిరించుకున్నాను' అన్నా మంగలి షాపుకు వెళ్లాడనే అనుకుంటాం, ఈ తప్పుకు మూలం అక్కడుంది.

అయితే ఇదే ఆకారంలో ఇంకో రెండు అర్థాలున్నాయి, ఇవి చెప్పకపోతే తర్వాత తికమక. "ఐ గాట్ మై హోమ్‌వర్క్ డన్" అంటే ఎవరిచేతో చేయించానని కాదు, నేనే కూర్చుని పూర్తి చేసేశానని. "హి గాట్ హిజ్ ఫింగర్ కాట్ ఇన్ ద డోర్" అంటే వేలు తలుపులో పడింది, కావాలని ఎవడూ పెట్టించుకోడు. చేయించడం, ముగించడం, జరిగిపోవడం, ఈ మూడింటిలో ఏదన్నది సందర్భమే చెబుతుంది.

చేసే మనిషిని కూడా చెప్పాలంటే వీ3 పోయి 'టు' వస్తుంది: "ఐ గాట్ ద టైలర్ టు స్టిచ్ ఇట్ బై ఫ్రైడే." ఇక్కడ మేక్, హావ్‌లతో పోల్చి చూపించండి. "ఐ మేడ్ హిమ్ సైన్" అంటే మెడలు వంచి సంతకం పెట్టించాను. "ఐ హ్యాడ్ హిమ్ సైన్" అంటే పని అప్పగించి పెట్టించాను. "ఐ గాట్ హిమ్ టు సైన్" అంటే నచ్చజెప్పి, బతిమాలి, ఏదో విధంగా ఒప్పించి పెట్టించాను. మూడింట్లో టు పట్టేది గెట్ ఒక్కటే. "మేడ్ హిమ్ టు సైన్" అని రాసేది కూడా ఈ గందరగోళంతోనే.

డాలస్_తెలుగోడు:

"గెట్ డౌన్" తప్పు కాదండి, మన దేశపు వాడుక. హైదరాబాదు సిటీ బస్సులో "గెట్ డౌన్" అంటే అందరికీ అర్థమవుతుంది, అక్కడ దిద్దాల్సిన పని లేదు. అమెరికాలో, బ్రిటన్‌లో మాత్రం అది చెట్టు మీంచో నిచ్చెన మీంచో దిగడానికి, లేదా ప్రమాదం వస్తే కిందికి వంగమని చెప్పడానికి వాడతారు. బయటి దేశాలకు వెళ్లే పిల్లలకు ఇలా చెప్పండి: బస్సు, రైలు, విమానం, ఓడ, అలాగే బైకు, గుర్రం, వీటికి గెట్ ఆన్, గెట్ ఆఫ్. కారు, ఆటో, టాక్సీకి గెట్ ఇన్, గెట్ అవుట్ ఆఫ్. లోపల నిలబడి నడవగలిగేవీ, కాళ్లు అటూ ఇటూ వేసి ఎక్కేవీ 'ఆన్' వైపు. వంగి దూరి కూర్చునేవి 'ఇన్' వైపు. గెట్ అవుట్ తర్వాత 'ఆఫ్ ద కార్' అనకపోతే 'బయటికి పో' అన్నట్టు వినబడుతుంది.

ఫోన్లో మనవాళ్లు "ఐ యామ్ నాట్ గెటింగ్ యు" అంటారు. అర్థం కావడం అనే అర్థంలో గెట్‌కు మామూలుగా కంటిన్యుయస్ రూపం వాడరు. మాట అర్థం కాకపోతే "ఐ డోంట్ గెట్ ఇట్", గొంతు వినబడకపోతే "ఐ కాంట్ హియర్ యు". ఈ రెండూ వేర్వేరు ఇబ్బందులు, ఏదో తేల్చి చెబితేనే అవతలివాళ్లు మాట మార్చి చెప్పాలో గట్టిగా చెప్పాలో తెలుసుకుంటారు.

గాటెన్ గురించి కూడా అడుగుతారు, సిద్ధంగా ఉండండి. అమెరికాలో సంపాదించడం, మారడం అనే అర్థాల్లో వీ3 రూపం గాటెన్: "షి హాజ్ గాటెన్ టాలర్." ఉండటం, తప్పదనడం అయితే అక్కడా గాట్ మాత్రమే: "ఐ హావ్ గాట్ టు గో." అందువల్ల "వి హావ్ గాట్ టికెట్స్" అంటే మా దగ్గర టికెట్లు ఉన్నాయి, "వి హావ్ గాటెన్ టికెట్స్" అంటే టికెట్లు సంపాదించాం. బ్రిటన్‌లో రెండింటికీ గాటే. గాటెన్ అమెరికావాళ్లు పుట్టించిన రూపం అనుకోవద్దు, ఇంగ్లండులో పాతకాలం నుంచి ఉన్నదే. అక్కడ క్రమంగా వాడుక తగ్గి, సముద్రం దాటి వెళ్లినవాళ్ల దగ్గర నిలిచింది. ఫర్‌గాటెన్‌లో, అక్రమార్జనను చెప్పే 'ఇల్-గాటెన్' అన్న మాటలో అది బ్రిటన్‌లోనూ బతికే ఉంది. అసలు గెట్ అన్న మాటే వైకింగుల భాష అయిన ఓల్డ్ నార్స్ నుంచి ఇంగ్లీషులోకి వచ్చింది, అక్కడి రూపం 'గెటా'. మన పాఠ్యపుస్తకాలు బ్రిటిష్ పద్ధతివి, కాబట్టి పరీక్షల్లో గాట్ రాయించండి. గాటెన్ వింటే గుర్తుపడితే చాలు.

మామిడితాండ్ర:

రాత గురించి ఎవరూ చెప్పలేదు. ఉద్యోగ దరఖాస్తు, వీసా కోసం రాసే స్టేట్‌మెంట్, ఐఈఎల్‌టీఎస్ రైటింగ్, వీటిలో గెట్ తగ్గించాలి. ఐఈఎల్‌టీఎస్ రైటింగ్‌లో పదసంపదకు నాలుగో వంతు మార్కులు, స్పీకింగ్‌లోనూ అంతే. అయితే ఆ రెండుచోట్లా కావలసింది ఒకటి కాదు. వ్యాసంలో "పీపుల్ గెట్ మోర్ మనీ" కంటే "పీపుల్ అర్న్ మోర్" బాగుంటుంది. మాట్లాడేటప్పుడు గెట్ ఓవర్, గెట్ అలాంగ్ లాంటివి సహజంగా దొర్లితేనే మంచిది.

మార్చేటప్పుడు ఒకే మాటను అన్నిచోట్లా తగిలించడం పెద్ద పొరపాటు. గెట్ తీసేసి ప్రతిచోటా 'అబ్టెయిన్' పెడితే "ఐ అబ్టెయిన్డ్ ఎ కోల్డ్" లాంటివి తయారవుతాయి. ప్రయత్నం చేసి సాధించుకున్నది అబ్టెయిన్: లైసెన్సు, డిగ్రీ, అనుమతి. ఎవరో పంపితే అందుకున్నది రిసీవ్: ఉత్తరం, జీతం, బహుమతి. మారడం బికమ్. చేరడం రీచ్, లేదా అరైవ్. అరైవ్‌కు ఊరైతే 'ఇన్', స్టేషన్ అయితే 'ఎట్'. జబ్బు కాంట్రాక్ట్, కానీ డెంగీ లాంటి సోకే జబ్బులకే, తలనొప్పికి కాదు.

'హావ్ గాట్' కూడా రాతలో హావ్‌గా మార్చేయాలి. ఉండటం అనే అర్థంలో దానికి భూతకాలం లేదన్నది గుర్తుంచుకోవాలి. 'నా దగ్గర సైకిల్ ఉండేది' అనాలంటే "ఐ హ్యాడ్ ఎ సైకిల్", "హ్యాడ్ గాట్" అనరు. "హావ్ యు గాట్ ఎ పెన్?" అని అడిగితే జవాబు "యెస్, ఐ హావ్", అక్కడ గాట్ మళ్లీ రాదు.

గోదారిగట్టు:

ఇవన్నీ నాలుగు క్లాసులకు సరిపోతాయి. ఫ్రేజల్ వెర్బులు ఎన్ని చెప్పాలి? ఒక పుస్తకంలో గెట్‌తోనే పేజీలకు పేజీలు ఉన్నాయి.

నాలుగురోడ్లసెంటర్:

పన్నెండు చాలు. గెట్ అప్, గెట్ ఆన్, గెట్ ఆఫ్, గెట్ ఇన్, గెట్ అవుట్, గెట్ బ్యాక్, ఇవి చూపించి చెప్పగలిగేవి, ఒక్క రోజులో అయిపోతాయి. గెట్ అలాంగ్ అంటే పొసగడం, గెట్ బై అంటే ఉన్నదాంతో నెట్టుకురావడం, గెట్ రిడ్ ఆఫ్ అంటే వదిలించుకోవడం. ఎక్కువ సమయం కింది మూడింటికి పెట్టండి.

గెట్ త్రూ: ఫోన్ కలవడం, పరీక్ష గట్టెక్కడం, కష్టకాలం దాటడం. ఫోన్ విషయంలో మనిషి పేరు చెప్పాలంటే టు కావాలి, "ఐ కుడ్‌న్ట్ గెట్ త్రూ టు హిమ్." పరీక్షకు టు అక్కర్లేదు, "షి గాట్ త్రూ ద ఇంటర్వ్యూ."

గెట్ అవే విత్: తప్పుచేసి శిక్ష పడకుండా బయటపడటం. 'విత్' పోతే వట్టి తప్పించుకు పారిపోవడమే. "హి గాట్ అవే" అంటే పారిపోయాడు. "హి గాట్ అవే విత్ కాపీయింగ్" అంటే కాపీ కొట్టినా పట్టుబడలేదు, ఎక్కడికీ పారిపోలేదు.

గెట్ ఓవర్: జ్వరం నుంచో దుఃఖం నుంచో తేరుకోవడం. దీన్ని విడదీయకూడదు, "గెట్ ఓవర్ ఇట్" అనాలి. 'ఇట్' మధ్యలోకి వచ్చి చివర 'విత్' చేరితే అర్థమే మారుతుంది: "లెటస్ గెట్ ఇట్ ఓవర్ విత్" అంటే ఇష్టం లేని పని ఏదో త్వరగా ముగించేద్దాం. పన్ను పీకించుకోవడానికి వెళ్లేవాడు రెండోది అంటాడు, మొదటిది కాదు. ఎవరైనా బాధలో ఉన్నప్పుడు "గెట్ ఓవర్ ఇట్" అని ముఖాన అంటే 'ఇక చాల్లే' అని కసిరినట్టుంటుంది. ఓదార్చాలనుకుని పిల్లలు ఆ మాట అనేస్తారు, అది తప్పకుండా చెప్పండి. "టేక్ యువర్ టైమ్" అనడం నేర్పండి.